పాత డీజిల్ పికప్‌కి మైలేజీ పడిపోతే: పంపు షాపు గడప తొక్కే ముందు

బండి డీజిల్ తాగేస్తోందని అనుమానం రాగానే చాలామంది చేసే మొదటి పని నాజిల్స్ (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మేవి) విప్పించడం. రెండోది వాటికి డీజిల్ తోసే పంపు దింపించడం. రెండూ ఖరీదైన పనులే, చాలాసార్లు అనవసరం కూడా. కోనసీమలోనూ, భీమవరం, నరసాపురం, పాలకొల్లు వైపూ తిరిగే పాత పికప్‌లకి మైలేజీ పోయేది ముందుగా చక్రాల దగ్గరే: పట్టేసిన బ్రేకులు, గాలి తగ్గిన టైర్లు, రొయ్యల టబ్బుల్లోంచి కారిన ఉప్పునీటికి తుప్పెక్కిన కేబుళ్లు. ఆ తర్వాత ఇంజన్‌కి గాలి, డీజిల్ అందే దారులు. పంపు, నాజిల్స్ వంతు వాటి తర్వాతే. ఇక్కడ చెప్పే వరస కూడా అదే. ఖర్చు లేని పనులు ముందు, పెద్ద ఖర్చు చివర.

ఇది బొలెరో పికప్, టాటా 207 లాంటి రెండున్నర, మూడు లీటర్ల ఇంజన్ బళ్లని దృష్టిలో పెట్టుకుని రాసింది. 2017 ఏప్రిల్‌లో దేశమంతా బళ్ల పొగ మీద బి.ఎస్.4 నిబంధన వచ్చింది, 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.6 వచ్చింది. అంతకుముందు బి.ఎస్.3 బళ్లలో ఎక్కువగా పాతకాలం మెకానికల్ పంపు ఉంటుంది, బి.ఎస్.4 బళ్లలో ఎక్కువగా సి.ఆర్.డి.ఐ. (డీజిల్‌ని కంప్యూటరు కొలిచి పోయించే పద్ధతి) ఉంటుంది. మీ బండి ఏదో ముందు తెలుసుకోండి. కొన్ని పరీక్షలు ఒకదానికే పనికొస్తాయి.

ముందు లెక్క తేల్చుకోండి

రెండు వేలకి డీజిల్ కొట్టించి, ముల్లు ఎక్కడిదాకా లేచిందో చూసి చెప్పే మైలేజీ లెక్కలోకి రాదు. ట్యాంకు నుంచి ట్యాంకుకి కొలవాలి. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, బండిని ఒకే పక్కకి పెట్టి, బంకువాళ్ల నాజిల్ దానంతట అది మొదటిసారి కట్ అయ్యేదాకా కొట్టించండి. మీటరు రీడింగు రాసుకోండి. మూడొంతులు ట్యాంకు అయ్యేదాకా తిరిగి, మళ్లీ అక్కడే, అలాగే నింపండి. తిరిగిన కిలోమీటర్లని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించాలి. 412 కిలోమీటర్లకి 38.4 లీటర్లు పట్టిందంటే 10.7 వచ్చినట్టు. పాత బళ్ల ట్యాంకు గొట్టంలో నురగ ఎక్కువ వస్తుంది, నాజిల్ ముందే కట్ అయిపోతుంది. రెండు నిమిషాలు ఆగి నురగ దిగాక ఇంకొక్కసారి నొక్కించండి, రెండుసార్లూ అలాగే చేయించండి. ఒక్క ట్యాంకుతో తీర్పు చెప్పొద్దు, కనీసం మూడు ట్యాంకుల లెక్క ఉండాలి.

నోటుబుక్కులో లీటర్లు, కిలోమీటర్లతో పాటు లోడు ఏమిటో, దారి ఏమిటో కూడా రాయండి. రావులపాలెం నుంచి అరటి గెలలతో హైవే మీద విశాఖ వెళ్లిన ట్రిప్పుకీ, ఉండి దగ్గర చెరువు గట్ల మీద రెండో గేరులో మేత బస్తాలు దింపుకుంటూ తిరిగిన రోజుకీ పోలిక పెట్టలేం. గట్ల మీద తిరిగిన వారం మైలేజీ తగ్గితే బండికి రోగం ఉన్నట్టు కాదు.

మీటరు నిజం చెబుతోందో లేదో కూడా చూడాలి. హైవే మీద కిలోమీటరు రాళ్ల లెక్కతోనో, ఫోన్ మ్యాపుతోనో 50 కిలోమీటర్లు పోల్చండి. టైర్లు మార్చినప్పుడు కొంచెం పెద్ద సైజు వేయించి ఉంటే మీటరు తక్కువ చూపిస్తుంది. 50 కిలోమీటర్లు తిరిగితే మీటరులో 47 పడుతుంటే, మీరు 10 అనుకుంటున్న మైలేజీ నిజానికి 10.6. కొత్త టైర్లు వేయించిన దగ్గర్నుంచీ మైలేజీ పోయిందని వచ్చే ఫిర్యాదుల్లో ఈ తిరకాసు తరచూ ఉంటుంది.

బంకు కొలత మీద అనుమానముంటే అయిదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపించమని అడగండి. ప్రతి బంకులోనూ ముద్ర వేసిన పాత్ర ఉండాలి, అడిగే హక్కు మీకుంది. తెల్లారగట్ల చల్లగా ఉన్నప్పుడు కొట్టిస్తే ఎక్కువ వస్తుందనే మాట మాత్రం వదిలేయండి, భూమిలో ఉన్న ట్యాంకులో వేడి రోజంతా పెద్దగా మారదు. యానాంలో లీటరు చవగ్గా దొరకొచ్చు, దానివల్ల మైలేజీ పెరగదు. పైగా 10 ఇచ్చే బండి అందుకోసం 20 కిలోమీటర్లు అదనంగా తిరిగితే రెండు లీటర్లు దారికే పోతాయి.

ఇంత లెక్క ఎందుకంటే, 10 ఇచ్చే బండి 12కి వస్తే ప్రతి వెయ్యి కిలోమీటర్లకీ దాదాపు 17 లీటర్లు మిగులుతాయి. ఏ రిపేరుకి ఎంత పెట్టొచ్చో ఈ అంకెని బట్టే తేల్చుకోవాలి. ఒక్కసారి ఒక్క మార్పే చేయండి. ఫిల్టరు, నాజిల్స్, టైర్లు అన్నీ ఒకేసారి మార్పిస్తే దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలియదు.

టైర్లు

గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఖాళీకి ఒక అంకె, లోడుకి ఒక అంకె ఉంటాయి. పికప్‌ల వెనక టైర్లకి ఈ రెండింటి మధ్య తేడా చాలా ఎక్కువ. లోడుతో తిరిగే బండిలో ఖాళీ బండి గాలి ఉంటే టైరు పక్కగోడ అడుగడుక్కీ నలిగి వేడెక్కుతుంది. ఆ వేడంతా మీ డీజిలే. పరుగెత్తి వచ్చిన టైరులో గాలి అయిదారు పి.ఎస్.ఐ. ఎక్కువ కనపడటం సహజం. వేడి మీద ఎక్కువుందని తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది. పంక్చర్ షాపు గేజి అన్నిచోట్లా ఒకేలా చూపించదు. సొంతంగా ఒక గేజి కొనుక్కుని బండిలో పడేసుకోండి.

ముందు టైర్ల గుండీల మీద అరచెయ్యి పెట్టి లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి రాయండి. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు రంపం పళ్లలా గీసుకుంటే టో, అంటే ముందు చక్రాలు చూసే కోణం, తప్పింది. టైరు దొర్లడం మానేసి పక్కకి ఈడ్చుకుంటూ పోతోందన్న మాట. కాలవ గట్ల గోతుల్లో తిరిగే బళ్లకి ఇది మామూలే. అయితే అలైన్‌మెంట్ చేయించే ముందు టై రాడ్ ఎండ్లు, కింగ్‌పిన్ లేదా బాల్ జాయింట్లు లూజు లేవని చూసుకోవాలి. లూజు ఉండగా చేయించిన అలైన్‌మెంట్ వారం నిలవదు.

పట్టేసిన బ్రేకులు

డెల్టాలో మైలేజీని ఎక్కువగా తినేసేది ఇదే, డ్రైవరుకి ఆఖరున తెలిసేదీ ఇదే. చేపలు, రొయ్యలు, ఐసు తోలే బళ్లలో బాడీ చెక్కల సందుల్లోంచి ఉప్పునీరు సరిగ్గా వెనక చక్రాల మీదికే కారుతుంది. హ్యాండ్ బ్రేక్ కేబుల్ తొడుగులోకి దిగి తుప్పు పట్టిస్తుంది. క్యాబిన్‌లో లివరు పూర్తిగా కిందికి దిగుతుంది, డ్రమ్ము దగ్గర కేబుల్ మాత్రం వెనక్కి రాదు. బ్రేకు లైనర్లు డ్రమ్ముని రాసుకుంటూనే ఉంటాయి.

ఈ నేల పల్లం, మిట్ట లేకుండా ఉండటం పరీక్షకి బాగా కలిసొస్తుంది. రద్దీ లేని చదును రోడ్డు చూసుకుని, గాలి లేని పొద్దుపూట, 40 కిలోమీటర్ల స్పీడులో ఒక గుర్తు దగ్గర న్యూట్రల్ చేసి, ఇంజన్ ఆపకుండా, బండి దానంతట అది ఎంత దూరం పోయి ఆగుతుందో చూడండి. అదే రోడ్డులో ఎదురు దిశలోనూ చేసి రెండింటి సగటు రాసుకోండి. బండి బాగున్న రోజు ఇది రాసి పెట్టుకుంటే తర్వాత ఎప్పుడు అనుమానం వచ్చినా పోల్చుకోవచ్చు. దూరం బాగా తగ్గిందంటే లోపం చక్రాల దగ్గరో, గేర్ బాక్సు నుంచి వెనక ఇరుసు దాకా ఎక్కడో ఉంది, పంపుకి సంబంధం లేదు.

తర్వాత అయిదారు కిలోమీటర్లు బ్రేకు వీలైనంత తక్కువ వాడి తోలి, ఆపి, నాలుగు చక్రాల హబ్బుల దగ్గరా వేడి చూడండి. చెయ్యి ఆనించకండి, అంగుళం దూరంలో పెడితే చాలు, తెలుస్తుంది. ఎడమకీ కుడికీ తేడా ఉంటే వేడి ఉన్న వైపు పట్టుకుంటోంది. ఆ చక్రం జాకీ మీద లేపండి. ముందుగా మిగతా చక్రాలకి చెక్క దిమ్మలు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేక్ దించి, న్యూట్రల్ చేసి చేత్తో తిప్పండి. ముందు చక్రం ప్యాడ్లు సన్నగా రాసుకుంటూ ఒకటి రెండు చుట్లు తిరగాలి. తోస్తే సగం చుట్టులో ఆగిపోతే బిగిసినట్టే.

ఇక్కడ ఒక్క పని చేస్తే సగం రోగం బయటపడుతుంది. బిగిసిన చక్రం దగ్గర బ్లీడింగ్ నిప్పుల్‌ని అర చుట్టు వదులు చేయండి. కొంచెం ఆయిల్ చిమ్మి చక్రం వదిలేసిందంటే లైనులో ప్రెజర్ నిలిచిపోతోంది. మాస్టర్ సిలిండర్ పుష్ రాడ్‌కి ఆట లేకుండా బిగించి ఉండాలి, లేదా రబ్బరు హోస్ లోపల ఉబ్బి ఆయిల్‌ని వెనక్కి రానివ్వక ఉండాలి. హోస్ బయటికి బాగానే కనపడుతుంది, పాతదైతే మార్చేయడమే. నిప్పుల్ వదిలినా చక్రం బిగిసే ఉంటే తప్పు చక్రం దగ్గరే ఉంది: క్యాలిపర్ పిన్నులు, తుప్పెక్కిన పిస్టన్, వెనకైతే షూ అడ్జస్టరు లేదా హ్యాండ్ బ్రేక్ కేబుల్. పని అయ్యాక నిప్పుల్ బిగించి, బ్రేకు లైనులో గాలి తీసి, పెడల్ గట్టిగా ఉందో లేదో చూసుకోకుండా బండి కదపొద్దు.

క్యాలిపర్ పిన్నులకి మామూలు గ్రీజు పెట్టకండి, రబ్బరు బూట్లు ఉబ్బిపోయి మళ్లీ పట్టేస్తాయి. బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజే వాడాలి. కేబుల్ తుప్పెక్కితే ఆయిల్ పోసి ఆడించడం రెండు మూడు వారాల ముచ్చటే, కొత్తది వేయించండి. ఉప్పునీటి లోడు దింపిన రోజు వెనక చక్రాల లోపలి వైపు, కేబుల్ పొడుగునా మంచినీళ్లతో కడగడం అలవాటు చేసుకుంటే కొత్త కేబుల్ చాలాకాలం వస్తుంది. బాడీ అడుగున రేకు తొట్టిలా పెట్టించి నీటిని గొట్టంతో బండి వెనక్కి వదిలితే ఇంకా మేలు.

గాలి దారి

సార్వా, దాళ్వా కోతలప్పుడు రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు. ఆ పొట్టు, మిల్లుల దగ్గర ఊక దుమ్ము, వరిగడ్డి తుంపులు ఎయిర్ ఫిల్టరుని నెలలో పూడ్చేస్తాయి. కాబట్టి కంపెనీ చెప్పిన కిలోమీటర్ల లెక్క ఆ రెండు కాలాల్లో పనికిరాదు. గాలి చాలకపోతే మెకానికల్ పంపు బండి డీజిల్ మాత్రం అంతే పోస్తుంది, అది కాలక నల్లపొగై పోతుంది. సి.ఆర్.డి.ఐ. బండిలో గాలి కొలిచే సెన్సరు ఉంటే కంప్యూటరు డీజిల్ తగ్గిస్తుంది. పొగ అంతగా కనపడదు గానీ లాగుడు పోతుంది, డ్రైవరు కింది గేరులో ఎక్కువ తొక్కి తోలుతాడు, లెక్క అక్కడికే వస్తుంది.

పేపరు ఎలిమెంట్‌ని నేలకేసి కొట్టడం, నీళ్లతో కడగడం రెండూ తప్పే. గాలితో ఊదితే లోపలి నుంచి బయటికి, 30 పి.ఎస్.ఐ. దాటకుండా, గన్ను దూరంగా పట్టుకుని ఊదాలి. పంక్చర్ షాపులో పూర్తి గాలి దగ్గరగా పెడితే పేపరుకి కంటికి కనపడని చిల్లులు పడతాయి, దుమ్ము నేరుగా టర్బోకి (ఇంజన్‌లోకి గాలి తోసేది), సిలిండర్లకి పోతుంది. ఊదాక లోపల టార్చి పెట్టి చీకట్లో చూడండి. వెలుగు చుక్కలుగా పొడుచుకొస్తే పారేయండి, మసక్కూడా రాకపోతే పూడిపోయింది, అదీ పారేయాల్సిందే. రెండు మూడుసార్లు ఊదాక మార్చడమే మంచిది. ఎలిమెంట్ కంటే దాని కింది రబ్బరు, డబ్బా క్లిప్పులు ముఖ్యం. క్లిప్పు విరిగి తాడుతో కట్టిన డబ్బాలో కొత్త ఫిల్టరు వేసినా దుమ్ము పక్కనుంచి దూరుతుంది.

ఫిల్టరు తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి (ఆ గాలిని చల్లార్చేది), అక్కడి నుంచి ఇంజన్‌కి పోయే రబ్బరు గొట్టాలు. పాత బళ్లలో ఇవి ఆయిల్ తగిలి మెత్తబడి మడత దగ్గర పగులుతాయి. తొక్కినప్పుడు ఉస్స్‌మని శబ్దం, నల్లపొగ, పికప్ లేకపోవడం మూడూ కలిసి వస్తే ముందు ఇవే చూడండి. గొట్టాన్ని చేత్తో నలిపి చూస్తే పగులు తెరుచుకుంటుంది, ఆ చుట్టూ ఆయిల్ మసి ఉంటుంది. ఇంజన్ ఆపి, చల్లారాక చూడండి. పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఇ.జి.ఆర్. వాల్వ్ మసి పట్టి తెరిచే ఉండిపోయినా నల్లపొగ వస్తుంది, పికప్ పోతుంది. విప్పి శుభ్రం చేయించండి. రేకు ముక్క పెట్టి మూసేయడం సలహా కాదు, పొగ సర్టిఫికెట్ దగ్గరా, కొన్ని బళ్లలో ఇంజన్ లైటు దగ్గరా మళ్లీ దొరికిపోతారు.

డీజిల్లో నీళ్లు

సముద్రపు గాలి తేమగా ఉంటుంది. సగం ఖాళీగా రాత్రంతా నిలిపిన ట్యాంకు లోపలి గోడలకి చెమ్మ పట్టి డీజిల్లోకి దిగుతుంది. కానీ ఇక్కడ నీళ్లు ఎక్కువగా వచ్చేది ఇంకో దారిలో. చెరువుల దగ్గర జనరేటరు కోసం డ్రమ్ముల్లో డీజిల్ నిల్వ ఉంటుంది, అవసరానికి అదే బండిలోనూ పోస్తారు. డ్రమ్ము నిలబెట్టి ఉంటే పై మూత చుట్టూ వాననీళ్లు నిలిచి, పగటి వేడికి, రాత్రి చలికి డ్రమ్ము గాలి పీల్చినప్పుడల్లా చుక్కచుక్కగా లోపలికి దిగుతాయి. డ్రమ్ముని పడుకోబెట్టి, రెండు మూతలూ అడ్డంగా ఒకే ఎత్తులో ఉండేలా దిమ్మలు పెట్టండి. పైన రేకో, పట్టానో ఉండాలి. తీసేటప్పుడు అడుగు నాలుగు వేళ్ల మేర వదిలేయండి. నీరు, డీజిల్ కలిసే చోట నల్లటి జిగురు పెరుగుతుంది, ఫిల్టరుని పూడ్చేది అదే.

ఫిల్టరు అడుగున నీళ్లు వదిలే స్క్రూ ఉంటుంది. కింద గాజు సీసా పెట్టి, స్క్రూ రెండు చుట్లు వదులు చేసి, చేతి పంపు కొడుతూ అర గ్లాసు పట్టండి. పది నిమిషాలు కదపకుండా ఉంచితే నీళ్లు అడుగుకి చేరి గీతలా వేరుగా కనపడతాయి. మొదటిసారి నీళ్లొస్తే వారం తర్వాత మళ్లీ చూడండి. మళ్లీ వస్తే ట్యాంకే కడిగించాలి. వానాకాలంలో వారానికోసారి, మిగతా కాలం నెలకోసారి ఇది చేస్తే చాలు, పైసా ఖర్చు లేదు. నీళ్లు పంపుని, నాజిల్స్‌ని తుప్పు పట్టిస్తాయి, తర్వాత స్ప్రే పాడవుతుంది, మైలేజీ పోవడం అక్కడ మొదలవుతుంది.

ఫిల్టరు మార్చినప్పుడు ఊరూపేరూ లేని చవకరకం వేయకండి. కొత్త ఫిల్టరులో సీసాతో డీజిల్ పోసి బిగించే అలవాటు ఒకటుంది, వడకట్టని డీజిల్ నేరుగా పంపుకి పోతుంది. ఖాళీగా బిగించి చేతి పంపుతో నింపి, గాలి స్క్రూ దగ్గర బుడగలు ఆగేదాకా కొట్టాలి. సి.ఆర్.డి.ఐ. బండిలో నాజిల్స్‌కి పోయే ఇనుప గొట్టాల నట్లు ఇంజన్ తిరుగుతుండగా విప్పొద్దు. అక్కడ ప్రెజర్ వెయ్యి బార్లు దాటుతుంది, చర్మంలోకి దూసుకుపోతుంది.

ట్యాంకు అడుగునా, రిటర్న్ గొట్టాల వెంటా చూడండి. చుక్క కిందపడకపోయినా దుమ్ము తడిసి నల్లటి పొరలా అంటుకున్న చోట డీజిల్ చెమ్ముతోంది. ఇక కిరోసిన్ కలపడం గురించి ఒక్కమాట: పంపుకి నూనె పెట్టేది డీజిలే. కిరోసిన్‌లో ఆ జిడ్డు లేదు. మిగిలిన రూపాయలు పంపు రిపేరుకి చాలవు. ట్యాంకులో వేసే మాత్రలు, గొట్టానికి తగిలించే అయస్కాంతాలు కొనేవాళ్ల మైలేజీ పెరగదు, అమ్మేవాళ్లకే లాభం.

వేడెక్కని ఇంజన్

ఎండాకాలంలో ఒకసారి బండి వేడెక్కితే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు) తీసి పారేయడం ఇక్కడి గ్యారేజీల్లో మామూలు వైద్యం. ఈ ఎండల్లో దాంతో పనేముందనుకుంటారు. డీజిల్ ఇంజన్ 80, 90 డిగ్రీల మధ్య తిరిగితేనే డీజిల్ సరిగ్గా కాలుతుంది. థర్మోస్టాట్ లేకపోతే ఖాళీ బండి హైవే మీద పోతున్నంతసేపూ చల్లగానే ఉంటుంది. సి.ఆర్.డి.ఐ. అయితే ఇంజన్ ఇంకా వేడెక్కలేదనుకుని కంప్యూటరు దానికి తగ్గట్టే డీజిల్ పోస్తుంది. పది కిలోమీటర్లు తోలినా ముల్లు మధ్యకి రాకపోతే థర్మోస్టాట్ లేదన్నా, తెరుచుకుని ఉండిపోయిందన్నా అనుకోవచ్చు. బండికి సరిపడేది కొత్తది వేయించండి. అసలు వేడెక్కడానికి కారణం చాలాసార్లు రేడియేటర్ ముందు రెక్కల్లో ఇరుక్కున్న ఊక, గడ్డి. ఇంజన్ వైపు నుంచి ముందుకి నీళ్లు కొట్టి కడగండి. ముందునుంచి కొడితే ఇంకా లోపలికి తోస్తారు.

ఫ్యాను సంగతి కూడా ఇలాంటిదే. జిగురు క్లచ్ (వేడెక్కినప్పుడే ఫ్యానుని పూర్తిగా పట్టుకునేది) ఉన్న ఫ్యాను చెడితే దాన్ని బోల్టులతో డైరెక్ట్ చేయిస్తారు. అప్పటినుంచీ అది అవసరం ఉన్నా లేకపోయినా ఇంజన్ స్పీడుతోనే తిరుగుతూ బలం తినేస్తుంది. చల్లటి ఇంజన్‌తో బయల్దేరి రెండు, మూడు కిలోమీటర్ల తర్వాత కూడా రెండో గేరులో బస్సులా హోరు పెడుతుంటే దాన్నే అనుమానించండి.

పంపు, నాజిల్స్

పైవన్నీ చూశాక ఇప్పుడు రండి. ముందు పొగ రంగు. తొక్కినప్పుడు నలుపంటే గాలి తక్కువ లేదా డీజిల్ ఎక్కువ. ఇంజన్ వేడెక్కాక కూడా తెలుపు, కళ్లు మండే డీజిల్ వాసనతో వస్తే టైమింగు (డీజిల్ చిమ్మే వేళ) లేటైంది, లేదా నాజిల్ కారుతోంది, లేదా కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుడు) పోయింది. నీలం అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది.

సి.ఆర్.డి.ఐ. ఇంజెక్టర్లకి (ఆ బళ్లలో నాజిల్స్ పని చేసేవి) విప్పక్కర్లేని పరీక్ష ఉంది. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ఆపి, నాలుగు ఇంజెక్టర్ల పైన సన్నటి రిటర్న్ గొట్టాల క్లిప్పులు తీసి, ఒకే కొలత ఉన్న నాలుగు సీసాల్లోకి నాలుగు పైపులు పెట్టండి. ట్యాంకు వైపు మిగిలిన గొట్టం మూయాలి. స్టార్ట్ చేసి మూడు నిమిషాలు స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉంచి ఆపండి. నాలుగూ దాదాపు సమానంగా నిండాలి. ఒకటి మిగతావాటికి రెండింతలు నిండితే ఆ ఇంజెక్టర్ లోపల అరిగిపోయింది, అదొక్కటే బెంచి మీద చెక్ చేయించండి. నాలుగూ మార్చాలన్న మాట వినాల్సిన పనిలేదు. క్లిప్పులు పాత బళ్లలో ముట్టుకుంటే విరుగుతాయి, ముందే రెండు తెచ్చుకోండి.

మెకానికల్ నాజిల్స్‌ని టెస్టర్ మీద మీ ఎదురుగానే చూపించమనండి. పొగమంచులా చిమ్మి టక్కున ఆగాలి, ధారలా కారితే, చివర చుక్క వేలాడితే పనికిరాదు. నాలుగూ ఒకే ప్రెజర్ దగ్గర తెరవాలి. తిరిగి బిగించేటప్పుడు కింద రాగి వాషర్ కొత్తది వేయాలి, గుంటలో మసి గీకాలి. పాత వాషర్‌తో బిగిస్తే గ్యాసు తన్ని చిక్‌చిక్ మని వినపడుతుంది.

పంపు షాపులో బేరమాడేటప్పుడు ఒక మాట జాగ్రత్తగా వాడండి. "పికప్ కూడా కొంచెం పెంచు" అంటే అతను డీజిల్ స్క్రూ తిప్పుతాడు. లాగుడు వస్తుంది, నల్లపొగా వస్తుంది, మైలేజీ పోతుంది. ఒక్క స్క్రూతో రెండూ రావు. కంపెనీ సెట్టింగే కావాలని, సీలు వేసివ్వమని అడగండి. టైమింగ్ పని జరిగిన తర్వాతే మైలేజీ తగ్గి ఉంటే పంపు టైమింగ్ గుర్తులు సరిచూపించండి, వాల్వు క్లియరెన్సు కూడా అప్పుడే.

క్లచ్ జారుతోందా అనేది ఇక్కడే తేల్చుకోండి. ముందు ఖాళీ చోటు చూసుకుని, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, బ్రేకు తొక్కి, మూడో గేరులో మెల్లగా క్లచ్ వదిలితే ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతుంటే ప్లేటు అయిపోయింది. ఒకసారి చాలు, పదేపదే చేయొద్దు.

ఆయిల్ విషయంలో పెద్దగా చెప్పేది లేదు. పుస్తకంలో ఉన్న గ్రేడే పోయాలి, ఎక్కువ బళ్లకి అది 15డబ్ల్యూ-40. పాత ఇంజన్‌కి చిక్కటిది మంచిదని 20డబ్ల్యూ-50 పోస్తే తిప్పడానికే బలం పోతుంది. గోదావరి వరదలప్పుడు లంకల వైపు ఇరుసు మునిగేంత నీళ్లలో వెళ్లిన బండికి వెనక ఇరుసు హౌసింగ్ ఆయిల్ ఒక చుక్క తీసి చూడండి. పాలు కలిపినట్టుంటే అదే రోజు మార్చాలి, హబ్బుల గ్రీజు కూడా.

లోడు, స్పీడు, తోలే తీరు

స్పీడుతో పాటు గాలి ఎదురుదెబ్బ దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 60 మీద కంటే 80 మీద అది 78 శాతం ఎక్కువ. పికప్ ముందే డబ్బా ఆకారం, పైన గెలల కోసం ఎత్తు ఫ్రేము కూడా ఉంటే చెప్పక్కర్లేదు. 216 హైవే మీద ఊరూరా స్పీడు బ్రేకర్లు ఉన్నప్పుడు 80కి లాగి మళ్లీ తొక్కడం కంటే 55, 60 మీద సాగదీస్తే ఇంటికి చేరే వేళలో పెద్ద తేడా ఉండదు. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు పట్టా మడిచి కట్టేయండి, రెపరెపలాడే పట్టా గాలిలో గొడుగులా లాగుతుంది. బాడీలో ఏళ్ల తరబడి పడున్న పాత టైరు, ఇనుప గొలుసులు, తడిసిన గోనెలు దింపేయండి.

సిద్ధాంతం, చించినాడ వంతెనలు దిగేటప్పుడు న్యూట్రల్ చేయడం చాలామంది అలవాటు. గేరులోనే ఉండి కాలు తీసేస్తే పంపు డీజిల్ పూర్తిగా ఆపేస్తుంది, బండి తన వేగంతోనే ఇంజన్‌ని తిప్పుతుంది. న్యూట్రల్‌లో మాత్రం స్లో మీద తిరగడానికి డీజిల్ కావాలి. ఇంజన్ ఆపేసి వంతెన దిగడమైతే ఆత్మహత్యతో సమానం, రెండు మూడు తొక్కుళ్లకి బ్రేకు బూస్టరు ఖాళీ అవుతుంది, స్టీరింగ్ బిగుస్తుంది. టాప్ గేరులో లోడుతో మరీ స్లోగా, ఇంజన్ గునిసేలా లాగించడం కూడా పొదుపు కాదు, నల్లపొగ వస్తుంటే గేరు దించండి.

రొయ్యల పట్టుబడి కోసం చెరువు గట్టున గంటల తరబడి నిలబడ్డప్పుడు లైటు కోసం, ఫోన్ ఛార్జింగు కోసం ఇంజన్ ఆన్‌లో ఉంచుతారు. ఈ సైజు ఇంజన్ స్లోలో గంటకి ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. కిలోమీటరు కదలకుండా పోయిన ఈ డీజిల్ మీ మైలేజీ లెక్కలోనే పడుతుంది. ఒక ఛార్జింగ్ లైటు కొనండి.

ఇంజనే అరిగిపోతే

అన్నీ చూసినా లెక్క మారకపోతే, ఇంజన్ వేడిగా స్లోలో ఉండగా ఆయిల్ పోసే మూతని వదులు చేసి, తీయకుండా పైన పెట్టి చూడండి. మూత గంతులేస్తూ బుసబుసమని పొగ తన్నుతుంటే సిలిండర్ల రింగులు, లైనర్లు అరిగాయి. కంప్రెషన్ టెస్టు చేయించి నాలుగు సిలిండర్ల అంకెలూ రాయించుకోండి. ఒక్కదానిలోనే తక్కువైతే వాల్వు సీటింగో, గ్యాస్కెట్టో కావచ్చు. నాలుగూ సమానంగా పడిపోయాయంటే పూర్తి పనే. అప్పుడు మొదట్లో చెప్పిన 17 లీటర్ల లెక్క తీయండి. నెలకి ఎన్ని వేల కిలోమీటర్లు తిరుగుతారో దాంతో గుణించి, ఇంజన్ బోరింగు (ఆ పూర్తి పని) ఖర్చు ఎన్నాళ్లకి తిరిగొస్తుందో చూసుకోండి. బండి అప్పటిదాకా మీ దగ్గరే ఉంటుందనుకుంటేనే చేయించండి. చేయించాక రింగులు కూర్చునేదాకా, అంటే మొదటి వెయ్యి, రెండు వేల కిలోమీటర్లు, వచ్చే మైలేజీని నోటుబుక్కులో వేరే పేజీలో రాయండి, పాత లెక్కతో కలపకండి.